పాము మింగితే నవ్వు రావాలి

అమ్మాయ్,

ఆశీస్సులు. ఆటలో ఓడిపోతే పెద్దాడు పటం తన్నేస్తున్నాడనీ, చిన్నది సగంలోనే లేచిపోతోందనీ రాశావు. ఆరేళ్ళకూ నాలుగేళ్ళకూ అది మామూలే. కొత్తగా ఏమీ కొనకు, వైకుంఠపాళీనే కాస్త పిచ్చిపిచ్చిగా మార్చి ఇంట్లోనే గీసుకోండి. పాతది ఉన్నదున్నట్టు ఆడిస్తే మాత్రం ఏడుపే. గళ్ళు వందకు పైనే ఉంటాయి, పైవరుస దాకా ఎక్కినవాణ్ణి పెద్దపాము అడుక్కి దించేస్తుంది. పాపపుణ్యాల లెక్క తెలిసినవాళ్ళకు అది సబబుగానే ఉంటుంది, ఆరేళ్ళవాడికి ఒట్టి అన్యాయం. మీ పటంలో ఎక్కడం కన్నా పడిపోవడమే ఎక్కువ సరదాగా ఉండాలి.

అర చార్టు చాలు. రెండున్నర అంగుళాల గళ్ళు, వరుసకు 6 చొప్పున 5 వరుసలు గియ్యి. పక్కన మిగిలే జాగాలో పనులు రాసిన చీటీలు పెట్టుకోవచ్చు, వాటి సంగతి తరవాత చెబుతాను. గడి ఇంతకన్నా చిన్నదైతే రెండు కాయలు పట్టవు, "నన్ను తోసేసింది" అని తగువు మొదలవుతుంది. 30 గళ్ళకు మించొద్దు. నాలుగు చింతపిక్కలు వేస్తే సగటున రెండున్నర పడుతుంది, అంటే మనిషికి 12 పందేలు, నలుగురికీ కలిపి 50 లోపు. చీటీల అల్లరితో సహా ఇరవై నిమిషాల్లో తేలిపోతుంది. చిన్నది అంతకన్నా కూర్చోదు. ప్రతి వరుస చివరా పైకి బాణం గుర్తు వెయ్యి, లేకపోతే మలుపు దగ్గర వెనక్కి నడిచేస్తారు. ముందు అంతా పెన్సిలుతోనే. నాలుగైదు ఆటలయ్యాక ఏది బాగుందో తేలుతుంది, అప్పుడు రంగులు.

పిక్కలు అష్టాచెమ్మాకు చేసినట్టే. నాలుగు పెద్ద చింతపిక్కలు ఏరి, ఒకవైపు తెల్లగా కనబడేదాకా గరుకు బండ మీద అరగదియ్యి. నాలుగూ ఒకేలా అరగాలి. ఒకటి మరీ పలచబడిందంటే అది ఎప్పుడూ ఒకేవైపు పడుతుంది, పెద్దాడు ఇట్టే కనిపెట్టేస్తాడు. తెల్లవి ఎన్ని పడితే అన్ని గళ్ళు, నాలుగూ నల్లవైతే 8. నాలుగో ఎనిమిదో పడితే ఇంకో పందెం వేసే నియమం ఇప్పుడొద్దు, వంతు కోసం కాచుకున్నవాళ్ళకు ఓపిక పోతుంది. పళ్ళెంలో పాత తువ్వాలు పరిచి అందులోనే వేయించు, మోత ఉండదు, పిక్కలు సోఫా కిందికి దొర్లిపోవు. పక్కింటి పసివాడు వచ్చి కూర్చుంటే మాత్రం పిక్కలు, గవ్వలు, గుండీలు అన్నీ తీసెయ్యి. మూడేళ్ళలోపు పిల్లలు చేతికందింది నోట్లో పెట్టుకుంటారు, గొంతుకు అడ్డం పడుతుంది. అప్పుడు పిడికిలంత అట్టపెట్టె మీద 1, 2, 3 రెండేసిసార్లు రాసి దొర్లించండి.

పాములు నాలుగు చాలు, ఏదీ ఆరు గళ్ళకు మించి దింపకూడదు. నిచ్చెనల బదులు బామ్మ జడ, మునక్కాడ, గాలిపటం తోక, ఏది తోస్తే అది పిల్లలచేతే గీయించు. ఇక అసలు సంగతి. పాము మింగిన కాయ కిందికి దిగాక, ఆ కాయ తాలూకు మనిషి పాము కడుపులో ఏమేం కనబడ్డాయో చెప్పాలి. ఒక్కో వస్తువుకూ ఒక గడి పైకి, మూడింటి దాకా. నాన్న పోగొట్టుకున్న చెప్పు, సగం కొరికిన పూరీ, బస్సు హారను, ఏదైనా సరే. "బాగా చెబితేనే గడి" అని పెట్టావో, బాగుందా లేదా అని ఇంకో కొట్లాట. లెక్కే చూడు, తీర్పు చెప్పకు.

చీటీలు ఇరవై రాయి. ఆరు గళ్ళకే చుక్క పెట్టు, అక్కడ ఆగినవాళ్ళే చీటీ తియ్యాలి. గడిగడికీ చీటీ అయితే ఆట కదలదు. చిన్నదానికి చదవడం రాదు కనుక సగం చీటీల మీద బొమ్మలుండాలి. "పెనానికి అంటుకున్న దోసెలా నేలకు కరుచుకో, పక్కవాళ్ళు అరచేతిని అట్లకాడ చేసి ఊడదీయాలి." "రైలు తప్పిపోయిన ఏనుగు స్టేషన్ మాస్టరుతో ఏమంటుంది?" "మళ్ళీ నీ వంతు వచ్చేదాకా ముక్కుతో మాట్లాడు." ఇలాంటివి. నాలుగు ఖాళీగా వదిలెయ్యి, అవి తీసినవాళ్ళే పని చెబుతారు. "పాట పాడు, డాన్సు చెయ్యి" అని మాత్రం రాయకు. చుట్టాలొచ్చినప్పుడల్లా పిల్లల్ని వేధించేది దాంతోనే! "ఒక వంతు మానెయ్యి" కూడా వద్దు, వంతు పోయిన పిల్ల లేచి వెళ్ళిందంటే మళ్ళీ రాదు. సిగ్గుపడితే చీటీ వేరేవాళ్ళకు ఇచ్చేయవచ్చు. మొదటి చీటీ అల్లుడిగారి చేత చేయించు, తండ్రి దోసెలా పడుకుంటే తక్కినవాళ్ళకు సిగ్గుండదు.

చివరి గడికి సరిగ్గా అంతే పడాలనే పట్టింపు తీసెయ్యి, ఎక్కువ పడినా పండినట్టే. ముందు పండినవాడు ఆట మానడు, తన పందేన్ని వెనకున్నవాళ్ళలో ఎవరికైనా ఇస్తాడు. పెద్దాడి తన్నులు చాలావరకు ఇక్కడే ఆగుతాయి. నువ్వు కావాలని ఓడిపోకు, వాడికి తెలిసిపోతుంది.

అష్టాచెమ్మాకు ఇంకో ఏడాది రెండేళ్ళు ఆగు. తలా నాలుగు కాయలు, వాటిలో ఏది నడపాలో ఎంచుకోవాలి, అవతలి కాయను చంపితే గానీ లోపలి గళ్ళలోకి పోనివ్వరు. చిన్నదానికి అది భారం.

సెలవులకు పిల్లలందరూ చేరితే పటం పెంచకు, ఒక పెద్దా ఒక చిన్నా జతకు ఒకే కాయ ఇవ్వు. పిక్కలు చిన్నవాళ్ళు వెయ్యాలి, గళ్ళు పెద్దవాళ్ళు లెక్కపెట్టాలి.

మీ పెద్దమ్మ