మూడు జతలు కొనకు, అమ్మలూ

విశాఖపట్నం,
జూన్ 3

చిరంజీవి అమ్మలుకి,
అత్తయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ నాన్న ఫోను చేసి రెండు సంగతులు చెప్పాడు. ఆగస్టు చివర హైదరాబాద్ మారథాన్‌లో నువ్వు పూర్తి దూరం పరుగెడుతున్నావన్నది మొదటిది. వినగానే ఇంట్లో నిలవలేక వరండాలోకి వెళ్లాను. పక్కింటావిడ ఆరిన బట్టలు తీస్తుంటే ఆవిడకూ చెప్పేశాను. నలభై రెండు కిలోమీటర్లంటే "ఏం, బస్సులు లేవా?" అంది. ఆవిడ మాటకేం గానీ, స్కూలు బస్సు వీధి చివర ఆగుతుందని ఏడ్చిన పిల్లవు నువ్వు. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి దాకా ఆ ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగుతానంటే నాకు గర్వం కాక ఏముంటుంది?

రెండో సంగతి విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. నీకు అలవాటైన ఆ నీలం బూట్ల తయారీ ఆపేశారట. ఎవరి దగ్గరో పాత సరుకు మిగిలి ఉందని మూడు జతలు తెప్పించి దాచుకుంటావట. మూడు జతలు! ఫోనులో చెబితే "సరే అత్తయ్యా" అని పెట్టేస్తావు. నీ సరే సంగతి నాకు తెలుసు. పాలు తాగావా అంటే కూడా సరే అనేదానివి, గ్లాసు కిటికీలో ఉండేది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

డబ్బు కట్టకపోతే ఆగు. కట్టేస్తే వెనక్కి అడుగు. ఇవ్వకపోతే ఒక్క జత ఉంచుకో, అది కూడా పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూశాకే. ఏడాదిన్నర దాటితే అదీ వద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేనూ ఇదే చేశాను. మీ నాన్నకు కూడా ఆ కథ సగమే తెలుసు.

నేను పరుగు మొదలుపెట్టింది నలభై నాలుగో ఏట. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని కూర్చుని నడుము పట్టేస్తే డాక్టరు నడవమన్నారు. నడక విసుగు పుట్టి పరుగైంది. మొదటి మూడు జతలూ నా బొటనవేళ్ల గోళ్లను నల్లగా చేశాయి. నాలుగో జత దొరికింది. బూడిద రంగు, పక్కన ఎర్ర చార, చూడటానికి ఏమీ ఉండదు. అది వేసుకున్న మొదటి రోజు ఆర్.కె. బీచ్ నుంచి కురుసుర జలాంతర్గామి దాటి, తెన్నేటి పార్కు దాకా వెళ్లి వచ్చాను. ఇంట్లో లేసులు విప్పేటప్పుడు గానీ నాకు పాదాలున్నాయన్న సంగతే గుర్తు రాలేదు. 2011లో దాన్ని ఆపేశారు. ఒక కొట్టులో నా కొలత మూడు జతలు మిగిలాయని తెలిసి మూడూ కొనేశాను. ఆ నెల పాడిన చీటీ డబ్బంతా దానికే పోయింది.

ఒక జత వాడుతూ మిగిలిన రెండూ అటక మీద పెట్టాను. తేమ తగలకూడదని ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి మూతి బిగించాను. నా తెలివి చూడు, లోపలి తేమను లోపలే బంధించాను. మా అటక మీద డాబా. మే నెలలో అక్కడ చెయ్యి పెడితే పెనం మీద పెట్టినట్టే. మిగతా నెలల్లో ఈ సముద్రపు గాలికి సీసాలో ఉప్పే నీరు కారుతుంది, బూటు ఎంత?

రెండో జత 2013లో తీశాను. కాస్త గట్టిగా ఉన్నట్టు తోచింది. కొత్తవి కదా, వాడితే మెత్తబడతాయి అనుకున్నాను. కొన్నాళ్లకు మోకాలి కింద ముందు ఎముక పొడవునా నొప్పి పట్టుకుంది. యాభై దాటాయి, వయసు అనుకున్నాను. కాల్షియం మాత్రలు మింగాను. నూనె రాయించుకున్నాను. అన్నిటినీ అనుమానించాను గానీ ఆ బూట్లను మాత్రం కాదు.

మూడో జత 2014 డిసెంబరులో దించాను. అప్పటికి హుద్‌హుద్ వెళ్లి రెండు నెలలు. తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఇల్లంతా చెమ్మ వాసన. సంచి విప్పితే బూట్లు మాత్రం పెళ్లికూతురిలా ఉన్నాయి. మచ్చ లేదు, లోపల ఉండ చుట్టి కుక్కిన కాగితం కూడా నలగలేదు. ఆదివారం తెల్లవారకముందే రుషికొండ వైపు బయలుదేరాను. సాగర్‌నగర్ దగ్గర కుడికాలి చప్పుడు మారింది. అప్పటిదాకా టప్పు, టప్పు. ఇప్పుడు టప్పు, చప్పు. వంగి చూస్తే మడమ దగ్గర అడుగుభాగం ఊడి నోరు తెరిచింది. లోపలి మెత్తను వేలితో నొక్కాను. ఎండిన రొట్టె అంచులా పొడిపొడిగా రాలింది.

తర్వాత తెలుసుకున్నాను. కొన్ని బూట్ల మెత్తలో పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురుగు ఉంటుంది. గాలిలో ఉన్న తేమే ఏళ్లు గడిచేకొద్దీ దాన్ని లోపలినుంచి తినేస్తుంది. వేడికి జిగురు పట్టు వదులుతుంది. చాలా పరుగు బూట్లలో వాడే ఈవీఏ నురుగు అలా పొడి కాదు గానీ, అది కూడా ఏళ్లకు బిగుసుకుపోతుంది. పైకి ఏమీ కనబడదు. నా కాలి ఎముక నొప్పి ఎక్కడిదో అప్పటికి అర్థమైంది.

బుద్ధి ఉన్నవాళ్లు అక్కడే ఆగిపోతారు. నా దగ్గర డబ్బు లేదు, ఫోను లేదు, పొగరు మాత్రం ఉంది. ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఆయన్ని అడిగితే నైలాన్ తాడు ముక్క కోసి ఇచ్చాడు. "ఇంటికి నడిచి వెళ్లండమ్మా" అని కూడా అన్నాడు. తాడుతో బూటును చుట్టూ బిగించి కట్టి, వచ్చిన దారంతా పరుగెత్తుకుంటూనే తిరిగి వచ్చాను. మేజోడు తీస్తే మడమ మీద రూపాయి బిళ్లంత చర్మం దానితోపాటే వచ్చింది.

మీ నాయనమ్మ చూసింది. ఆవిడ నోరు నీకు తెలుసు కదా, ఆ రోజు ఒక్క మాట అనలేదు. వేడినీళ్లు, దూది తెచ్చి నేల మీద చతికిలబడి, నా కాలు ఒళ్లో పెట్టుకుని తుడిచింది. తుడిచాక ఒక్కొక్క వేలూ విడదీసి సందుల్లో చూడటం మొదలుపెట్టింది. దెబ్బ మడమకు తగిలితే వేళ్లు ఎందుకు చూస్తోందో నాకు తెలుసు గనుక నేనూ మాట్లాడలేదు.

మీ తాతయ్య కుడికాలి చిటికెన వేలు 1998లో తీసేశారు. నువ్వు పుట్టడానికి ఏడాది ముందు. షుగరుతో పాదాలకు స్పర్శ పోయిందని ఆయనకే తెలియదు. మీ నాన్న మొదటి జీతంతో నల్ల బూట్లు కొనిచ్చాడు. వేళ్ల దగ్గర ఇరుకు. కొడుకు కొన్నవని వాటిని విడిచిపెట్టేవారు కాదు. పొక్కు లేచింది, చితికింది, చీము పట్టింది. వాసన వచ్చేదాకా ఇంట్లో నలుగురం ఉండి ఒక్కరం ఆయన పాదం వంక చూడలేదు. మీ నాన్న ఈ సంగతి నీకు చెప్పి ఉండడు. నేను చెప్పానని అనకు. కానీ నిన్న ఫోనులో "అక్కా, దానికి బూట్ల సంగతి నువ్వే చెప్పు" అని రెండుసార్లు ఎందుకన్నాడో నీకు తెలియాలి.

నీకు షుగరు లేదు, నీ వయసు ఇరవై ఆరు, ఇదంతా చదివి నవ్వుతావు. నవ్వు. నవ్వుతూనే ప్రతి రాత్రీ వేళ్ల సందులు చూసుకో.

ఇక కొత్త బూట్లు. సాయంత్రం పూట కొనాలి, పరుగుకు వేసుకునే మేజోళ్లతో కొనాలి, రెండు కాళ్లకూ వేసి కొట్టులో నాలుగడుగులు పరుగెత్తి చూడాలి. ఇవి అందరూ చెప్పేవే. అందరూ చెప్పనిది ఒకటుంది. బూటు లోపలి అట్టను బయటికి లాగి, నేల మీద పెట్టి, దాని మీద నిలబడు. వేళ్లు అంచు దాటి బయటికి పొర్లితే ఆ బూటు నీది కాదు, ఎంత తగ్గింపు ధర ఇచ్చినా సరే. ముందువైపు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. ఫ్లైఓవరు దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది. గోళ్లు నల్లబడేది అక్కడే.

నీ పాదం మన ఇంటి పాదం, ముందు వెడల్పు, వెనక సన్నం. ఆడవాళ్ల బూట్లకు మామూలు వెడల్పు బి, మగవాళ్లకు డి. ఆడవాళ్లలో డి అంటే వెడల్పు రకం, అది మన కొట్లలో ఎప్పుడోగాని ఉండదు. నేను పదేళ్లుగా మగవాళ్లవే వేస్తున్నాను. మొదటిసారి అడిగినప్పుడు ఆ కొట్టు కుర్రాడు "అంకుల్‌ను తీసుకురండి మేడమ్, కొలత చూడాలి" అన్నాడు. అంకుల్ పోయి అప్పటికి ఆరేళ్లు. నా కాలు చాపి చూపించాను. పాపం, ఆ తర్వాత అరగంట ఓపిగ్గా పెట్టెలు దించాడు. కొలత అంకెల దగ్గర తికమక పడకు. అమెరికా కొలతలో ఆడవాళ్లకూ మగవాళ్లకూ సాధారణంగా ఒకటిన్నర తేడా ఉంటుంది. బూటు నాలుక వెనక చీటీ మీద సెంటీమీటర్లలో ఒక అంకె ఉంటుంది, దాన్ని నమ్ము. మడమ వదులైతే లేసులకు పైన మిగిలిపోయే చివరి రంధ్రం ఉంది చూడు, అందరూ వదిలేసేది, అందులోంచి చిన్న మెలిక తీసి ఎదుటి లేసును దానిలోంచి లాగి బిగించు. మడమ కదలదు.

పేరు చూసి మాత్రం కొనకు. "అదే బూటు, కొత్త కూర్పు" అని అమ్మేవాళ్లు నమ్మకంగా చెబుతారు. నైకీ కంపెనీ బూటుకు పెగసస్ అన్న పేరు 1983లో మొదలై ఇప్పటికీ ఉంది, నాటి బూటుకూ నేటి బూటుకూ ఆ పేరు తప్ప ఏం మిగిలింది? నురుగు మారుతుంది, ఎత్తు మారుతుంది, ముందుభాగం అచ్చు మారుతుంది. నీ పాత జత పక్కన పెట్టుకుని అదెందుకు నచ్చిందో కాగితం మీద రాయి. వేళ్లకు చోటా? బరువు తక్కువా? మెత్తదనమా? ముఖ్యంగా డ్రాప్ ఎంత అన్నది వెతికి పట్టుకో. మడమ కింద మందం, ముందు కింద మందం, ఆ రెండిటి తేడా అది. నీది పది మిల్లీమీటర్లయితే ఒక్కసారిగా నాలుగుకు దిగకు. ఆరు మిల్లీమీటర్లే కదా అంటావు. కిలోమీటరుకు వెయ్యికి పైగా అడుగులు పడతాయి, ప్రతి అడుగుకూ మడమ ఆ మేరకు కిందికి దిగి, పిక్క, మడమ వెనక స్నాయువు అదనంగా సాగాలి. ఎనిమిదో, పదో ఉన్నది చూసుకో. బజారులో ఇప్పుడు ఇటుకంత ఎత్తు అడుగుభాగాల మోజు నడుస్తోంది. నాకు నచ్చవు. అది నా ముసలి చాదస్తం కావచ్చు, నీ కాలికి బాగుంటే వేసుకో.

బూట్లే మానేస్తానని మాత్రం అనకు. 1960లో రోము ఒలింపిక్స్ మారథాన్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా కొత్త బూట్లు సరిపోక వట్టి కాళ్లతో పరుగెత్తి బంగారు పతకం గెలిచాడని మీ తరం వాళ్లు ఉత్సాహంగా చెబుతారు. ఆయన ముందు నుంచీ వట్టి కాళ్లతో సాధన చేసినవాడు. 1964లో టోక్యోలో బూట్లు వేసుకుని ఇంకా వేగంగా పరుగెత్తాడు, ఆ ముక్క ఎవరూ చెప్పరు.

చేతిలో పన్నెండు వారాలు ఉన్నాయి. ఈ వారమే కొను. మొదటి వారం కొత్తవి వేసుకుని నాలుగైదు కిలోమీటర్లే, మిగతా రోజుల్లో పాతవి. మెల్లగా వాటా పెంచు. జూలై చివరికి కనీసం ఒక ముప్ఫై కిలోమీటర్ల పరుగు కొత్త జతతో పూర్తి కావాలి, అది వాన రోజైతే మరీ మంచిది, తడి మేజోడు చెప్పే నిజాలు వేరు. ఏ జత అయినా అయిదు వందల నుంచి ఎనిమిది వందల కిలోమీటర్లకు అలసిపోతుంది కాబట్టి మొదటి రోజు నుంచీ లెక్క రాసుకో. నచ్చితే ఇంకొక్క జత కొనుక్కో. ఒక్కటి. మంచం కింద పెట్టు, అటక మీద కాదు.

పోటీ రోజున నేను గచ్చిబౌలికి వస్తున్నాను, టిక్కెట్టు మీ నాన్నే తీస్తానన్నాడు. మజ్జిగలో ఉప్పు ఎక్కువ వేసి తెస్తాను, ముఖం చిట్లించకుండా తాగాలి.

ఈలోగా ఒక పని చెయ్యి. వేలు తీసేశాక మీ తాతయ్యకు ఎం.సి.ఆర్. చెప్పులు, అంటే షుగరు పాదాలకు వేసే మెత్తటి రబ్బరు చెప్పులు, చేయించాం. ఆ చేసే ఆయన పాత వార్తాపత్రిక నేల మీద పరిచి, తాతయ్యను దాని మీద నిలబెట్టి, పాదం చుట్టూ పెన్సిలుతో గీశాడు. చిటికెన వేలు ఉండాల్సిన చోట గీత లోపలికి తిరిగింది. ఆ కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. నువ్వు కూడా రేపు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక, రెండు కాళ్ల మీదా సమానంగా బరువు వేసి నిలబడి, రెండు పాదాలూ గీయించుకుని నాకు పంపు. ఒక్కదానివే వంగి గీసుకుంటే బరువు మారిపోతుంది, నీ గదిలో ఉండే అమ్మాయిని గీయమను. పెన్సిలు నిలువుగా పట్టుకోవాలని చెప్పు, లోపలికి వంచితే పాదం సన్నగా వస్తుంది.

మీ
అత్తయ్య