నమూనా రైలు భవనాలకు మసక అద్దాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హెచ్‌ఓ స్కేలులో 1920ల నాటి అమెరికన్ ఇటుక గోడల కర్మాగారాన్ని ప్లాస్టిక్ కిట్‌తో కడుతున్నాను. కిట్‌లో ఇచ్చిన పారదర్శకమైన షీటును కిటికీలకు బిగిస్తే లోపలి ఖాళీ అంతా బయటపడుతోంది. మసకగా చేద్దామని 400 నంబరు వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితంతో) రుద్దితే గీతలు తేలాయి. ఏ పద్ధతి మంచిది? (ఒక పాఠకుడు, విశాఖపట్నం)

జవాబు: హెచ్‌ఓ స్కేలు 1:87 నిష్పత్తిలో, అంటే అసలు కొలతలో 87వ వంతుగా ఉంటుంది కనుక నమూనా మీద పడిన ప్రతి గీతనూ కన్ను 87 రెట్లు పెంచి చదువుకుంటుంది. 400 నంబరు పేపర్‌లోని రేణువు సగటున సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఉంటుంది. అసలు భవనం కొలతలో అది మూడు మిల్లీమీటర్ల గులకరాయితో సమానం. అంతటి రాయితో గాజును గీరితే ఏమవుతుందో మీ కిటికీలో అదే కనబడుతోంది. వాటర్ పేపరే వాడదలచుకుంటే అంతకంటే ఎంతో సన్నని రేణువులుండే 2000 నంబరుది తీసుకుని, షీటును ముక్కలుగా కోయకముందే తడిపి, నిలువుగానో అడ్డంగానో కాకుండా చిన్న చిన్న సున్నాలు చుడుతున్నట్టు తేలికగా రుద్దండి. కోసిన తరువాత రుద్దితే అంచులు ఎక్కువగానూ మధ్యభాగం తక్కువగానూ అరుగుతాయి.

అయితే కర్మాగారం వంటి పెద్ద గోడకు మా మొదటి ఎంపిక మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ స్ప్రే. మ్యాట్ వార్నిష్‌లో కలిపే అతి సన్నని సిలికా పొడి ఆరిన పొర ఉపరితలాన్ని ఎగుడుదిగుడుగా చేసి, దాని గుండా పోయే కాంతిని నలుదిక్కులకూ చెదరగొడుతుంది. అసలైన మసక అద్దంలో జరిగేది కూడా ఇదే. ఫిలడెల్ఫియాకు చెందిన బెంజమిన్ చ్యూ టిల్గ్‌మన్ 1870లో పేటెంటు పొందిన, ఇసుకను వేగంగా చిమ్మే ఇసుక ధార పద్ధతి గాజు ముఖాన్ని ఇదే విధంగా గరుకుగా మార్చింది. డబ్బాను ఇరవై, ఇరవై అయిదు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని, పల్చని పూతలు రెండు మూడు, ఒకటి ఆరిన తరువాత మరొకటి వేయాలి. ఒకేసారి దట్టంగా వేస్తే అందులోని ద్రావకం షీటును కరిగించి పగుళ్లు తెప్పించవచ్చు కాబట్టి ముందుగా పనికిరాని ముక్క మీద చూసుకోవడం తప్పనిసరి. మీరు ఉండేది సముద్ర తీరం కనుక మరొక మాట. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజున స్ప్రే చేస్తే పూత అక్కడక్కడ తెల్లగా పాలిపోతుంది. ఆ మచ్చలు అసలు మసకలా కాక బూజులా కనబడతాయి. అందువల్ల వాన రోజుల్లో ఈ పని పెట్టుకోకండి.

ఏ పద్ధతి వాడినా మసక చేసిన ముఖం భవనం లోపలి వైపే ఉండాలి. బయటి ముఖం నున్నగా ఉంటేనే వెలుగు దాని మీద పడి మెరుస్తుంది, చూసేవారు దానిని గాజు అని నమ్ముతారు. రెండు వైపులా మసకబారిన షీటు ఎంత చక్కగా కోసినా ప్లాస్టిక్ ముక్కగానే మిగిలిపోతుంది. చాలా నమూనాలలో పొరపాటు జరిగేది ఇక్కడేనని మా అభిప్రాయం.

ఇక మీ కాలానికి సంబంధించిన విషయం. డెట్రాయిట్ పక్కనే హైలాండ్ పార్క్‌లో ఆల్బర్ట్ కాన్ రూపొందించగా 1910లో తెరుచుకున్న ఫోర్డ్ కర్మాగారం విశాలమైన కిటికీలకు పేరుపొందింది. ఆ తరం కర్మాగారాలలో ఎండ నేరుగా యంత్రాల మీద పడి కళ్లు చెదరకుండా గరుకు గాజును, గాడుల గాజును, తీగ పొదిగిన గాజును వాడేవారు. పగిలిన పలకల స్థానంలో చేతికి దొరికిన గాజును అమర్చడం, గాలి కోసం మధ్య రెక్కను తెరిచి ఉంచడం మామూలే. కాబట్టి గోడ నిండా ఒకే మసకను పరచకుండా అక్కడక్కడ ఒకటి రెండు పలకలను తేటగా వదిలివేయండి. వాటి వెనుక నల్లని కాగితం అంటిస్తే లోపలి ఖాళీ కూడా దాగుతుంది.

ప్రశ్న: అదే భవనంలో ఎల్‌ఈడీ పెడితే కిటికీలో ఒక్కచోట మాత్రమే చుక్కలా వెలుగుతోంది, గోడలు కూడా ఎర్రగా మెరుస్తున్నాయి. ఏమి చేయాలి?

జవాబు: దీపం వెలిగే భవనానికి వార్నిష్ మసక ఒక్కటే చాలదు. షీటు వెనుక ట్రేసింగ్ పేపరును జోడించండి. పేపరుకూ దీపానికీ మధ్య దూరం పెరిగిన కొద్దీ వెలుగు సమంగా పరుచుకుంటుంది కనుక ఎల్‌ఈడీని కిటికీ వెనుక కాకుండా కప్పు మధ్యలో, కిందికి చూసేటట్టు బిగించండి. 12 వోల్టుల సరఫరాకు 1 కిలో ఓమ్ రెసిస్టరు (కరెంటును అదుపు చేసే భాగం) వేస్తే తెల్లని ఎల్‌ఈడీ గుండా సుమారు 9 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. 1920ల నాటి బల్బు వెలుగుకు అది మరీ ఎక్కువ. 4.7 కిలో ఓమ్‌లు వేసి, పసుపు ఛాయ ఉన్న వార్మ్ వైట్ రకం ఎంచుకోండి. గోడలు మెరవడం పల్చని ప్లాస్టిక్ స్వభావం. లోపలి వైపు ముందు నల్ల రంగు, దాని మీద తెల్ల రంగు వేస్తే నలుపు వెలుగును ఆపుతుంది, తెలుపు దానిని గది లోపలికే తిప్పి పంపుతుంది.

ప్రశ్న: ఫెవిక్విక్‌తో కిటికీ అంటిస్తే షీటు దానంతట అదే తెల్లబడింది. మసక కోసం దీనినే వాడుకోవచ్చా?

జవాబు: వద్దు. ఆ జిగురు ఆవిరి షీటు మీద పేరుకుని గట్టిపడటం వల్ల వచ్చిన తెల్లదనం అది. జిగురు పెట్టిన అంచుల దగ్గర చిక్కగా, మధ్యలో పల్చగా దిగుతుంది, ఎంత దిగాలో మన అదుపులో ఉండదు, పైగా ఆ ఆవిరి కళ్లను మండిస్తుంది. పాడుబడిన గోదాము కిటికీకైతే సరిపోతుందేమో. తెల్లబడిన చోట నిగనిగలాడే వార్నిష్ పూస్తే అది ఎగుడుదిగుళ్లను నింపుతుంది కాబట్టి తెల్లదనం చాలావరకు తగ్గుతుంది. అదే కారణం చేత మ్యాట్ పూత మీద ఎప్పుడూ మెరుపు వార్నిష్ వేయకూడదు. అంటించడానికి ఆరితే పారదర్శకంగా మారే ఫెవికాల్ వంటి తెల్ల జిగురును పుల్ల కొనతో చట్రానికి రాస్తే చాలు.

ప్రశ్న: హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలులో జపాను పట్టణ వీధి కడుతున్నాను. అక్కడి ఇళ్లకు కింది సగం మసకగా, పై సగం తేటగా ఉన్న కిటికీలు ఎలా చేయాలి?

జవాబు: జపాను ఎన్ స్కేలు భవనాలు సాధారణంగా 1:150లో ఉంటాయి కనుక ఇంత చిన్న కిటికీకి వాటర్ పేపరు పనికిరాదు. స్కాచ్ మ్యాజిక్ టేపు వంటి మెరుపు లేని టేపును షీటు లోపలి వైపు అంటించి, పదునైన బ్లేడుతో అడ్డంగా కోసి పై సగాన్ని ఊడదీయండి. గాలి బుడగలు మిగలకుండా వేలిగోరుతో కాక మెత్తని గుడ్డతో అదమండి, ఎందుకంటే గోటి గీత కూడా వెలుగులో కనబడుతుంది. కోత గీత వంకర లేకుండా రావాలంటే విడివిడి కిటికీలకు కాకుండా గోడ పొడవునా ఒకే టేపు పట్టీ వేసి కోయాలి.