ఏడుపు కూడా రావట్లేదు

ప్రశ్న: హన్మకొండలో కుక్కల షెల్టర్‌లో పనిచేస్తున్నాను. పార్వో అనే ప్రాణాంతక వైరస్ సోకిన కుక్కపిల్లలకు సెలైన్ పెట్టి రాత్రంతా కూర్చుంటాను. తెల్లారేసరికి చల్లబడిపోతాయి. ఇప్పుడు ఏడుపు కూడా రావట్లేదు, అమ్మ పలకరించినా చిరాకే. రాయిలా మారిపోయానా మేడమ్?

జవాబు: లేదమ్మా. రాయైతే ఇలా ఉత్తరం రాయదు. ఇతరుల బాధ మోసీ మోసీ మనసు మొద్దుబారడమిది. నర్సులకూ, పశువైద్య సిబ్బందికీ వస్తుంది. టీకా పడని పిల్లలకు పార్వో వస్తే ఎంత చూసుకున్నా కొన్ని దక్కవు, అది నీ చేతి లోపం కాదు. వరుసగా ఆ వార్డు డ్యూటీనే వేయొద్దని ఇన్‌ఛార్జిని గట్టిగా అడుగు. సేవ కదా అని మొహమాటపెడతారు, లొంగకు. డ్యూటీ దిగాక రెస్క్యూ గ్రూపును మ్యూట్ చేసి, భద్రకాళి చెరువు గట్టున కాసేపు నడిచి ఇంటికెళ్లు. నిద్ర కూడా పట్టకపోతే 14416కి ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్. వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం.