సేవ చేసేవారికీ ఓదార్పు కావాలి

ప్రశ్న: ఎయిడ్స్ బాధితుల ఇళ్లకు వెళ్లి సేవ చేస్తున్న మా చెల్లెలు, తాను చూసుకుంటున్న ఒకామె నెల క్రితం చనిపోయినప్పటి నుంచి సరిగా తినడం లేదు, మాట్లాడడం లేదు. పని మానిపించాలని పెద్దలంటున్నారు. ఏం చేయాలి?
– ఒక అక్క, నర్సంపేట

జవాబు: పని మానిపించినంత మాత్రాన దుఃఖం తీరదమ్మా. బాధితుల వివరాలను వారి సమ్మతి లేకుండా వెల్లడించరాదన్నది 2017 నాటి హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ఉద్దేశం. ఆ గోప్యతను పాటించే మీ చెల్లెలు, ఇరుగుపొరుగు పరామర్శకు రాని ఆ చావును ఒంటరిగా మోస్తోంది. చనిపోయినామె ఎవరని అడగకుండా, రోజూ కాసేపు పక్కన కూర్చుని చెప్పినంత వినండి. నిద్ర, తిండి ఇంకా కుదుటపడకపోతే మానసిక వైద్యులకు చూపించండి. ఇందులో ఆలస్యం వద్దు.

తాకడం, అన్నం తినిపించడం వల్ల హెచ్‌ఐవీ సోకదని పెద్దలకు చెప్పండి. వాడిన సూది గుచ్చుకుంటే మాత్రం వెంటనే, ఎట్టి పరిస్థితిలోనూ 72 గంటలు దాటకుండా, ఆసుపత్రికి వెళ్లి, వైద్యులు సూచిస్తే 28 రోజులు మందులు వాడాలి. నా దృష్టిలో సేవకులు ఎక్కువగా మరచిపోయేది, ఎయిడ్స్ బాధితుల్లో తరచూ కనిపించి గాలి ద్వారా ఇతరులకూ సోకే క్షయ (టీబీ) గురించి: రెండు వారాలు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష తప్పనిసరి.

ఆమె పనిచేసే సంస్థవారితో మాట్లాడి, కొన్నాళ్లు విశ్రాంతి ఇప్పించి, తిరిగి వెళ్లేటప్పుడు మరొకరిని జతగా పంపమని అడగండి.