సుబ్బులక్ష్మి 100 రూపాయల నాణెం గురించి

తమ్ముడూ, కావలిలో ఎవరో నీకు ఎమ్మెస్ సుబ్బులక్ష్మి శతజయంతి 100 రూపాయల నాణెం అమ్మి, అచ్చ వెండి అని చెప్పాడన్నావు గదా, అది అబద్ధం. నాణెం అసలుదైనా సరే అందులో వెండి సగమే, మిగతాది 40 శాతం రాగి, అయిదేసి శాతం నికెల్, జింకు. బరువు 35 గ్రాములు, అంటే వెండి పదిహేడున్నర గ్రాములు, ఆ లెక్కన చూసుకో ఎంత ఎక్కువిచ్చావో.

ఇంక నకిలీనా కాదా అనేదానికి, నెల్లూరు చిన్నబజార్లో తెలిసిన వెండికొట్టుకి పోయి కాటా మీద పెట్టించు, అడ్డంగా స్కేలు పెడితే 44 మిల్లీమీటర్లు రావాల, అయస్కాంతానికి అంటుకుందా ఇంక మాట్లాడే పనే లేదు, డబ్బులు వెనక్కి అడుగు. గీకి చూస్తానంటే మాత్రం ఒప్పుకోబాక. నల్లబడిందని చింతపండేసి తోమబాక కూడా, నేను ఒకదాన్ని అట్టనే తోమి తళతళలాడించి తీసకపోతే కొనేవోడు చూసి నవ్వాడు, తోమితే విలువ పోద్దంట.

రిజర్వు బ్యాంకోళ్లు లక్షలిచ్చి కొంటారు, ముందు కమీషన్ కట్టు అని ఫోన్ వస్తే పెట్టెయ్, వాళ్లు నాణేలు కొనరు.

నన్నడిగితే అమ్మబాక. 1944లో కస్తూర్బా గాంధీ స్మారక నిధికి కచేరీలు చేసిచ్చిన మనిషి సుబ్బులక్ష్మి, వేంకటేశ్వర సుప్రభాతం రాయల్టీ కూడా తిరుపతి దేవస్థానం వేదపాఠశాలకే రాసిచ్చేసింది. కాటా మీద ఎంత తూగిందో ఇక్కడ పెట్టు, చూద్దాం.