నివేదికలో తప్పిన కామాలు, సరిదిద్దుతామనే యాడ్‌ఆన్‌లు

ప్రశ్న: ఆఫీసు నివేదికలు తెలుగులో రాస్తాను, కొంత ఫోన్‌లో, కొంత కంప్యూటర్‌లో. ‘పున:పరిశీలన’ అన్న మాట కింద ఎప్పుడూ ఎర్రగీత పడుతోంది, కామాలు కింది వరుస మొదట్లోకి జారిపోతున్నాయి, ఫోన్‌లో అక్కర్లేని చోట ఫుల్‌స్టాప్‌లు వస్తున్నాయి. విరామ చిహ్నాలనూ వ్యాకరణాన్నీ సరిదిద్దే మంచి బ్రౌజర్ యాడ్‌ఆన్ ఏదైనా చెప్పగలరా?

జవాబు: కొద్దిపాటి తేడాలతో ఇవే ఫిర్యాదులు ఎంతోకాలంగా వస్తున్నాయి. వీటిలో దేనికీ యాడ్‌ఆన్, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్, అవసరం లేదు. ‘పున:పరిశీలన’లో మీరు విసర్గ (ః) బదులు కోలన్ (:) కొట్టారు. కంటికి రెండూ నిలువుగా ఉన్న రెండు గుర్తులే అయినా, కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో విసర్గ తెలుగు లిపికి చెందినది, కోలన్ అన్ని లిపులకూ ఉమ్మడి విరామ చిహ్నం. కాబట్టి కంప్యూటర్‌కు మీ మాట మధ్యలో తెగిన రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఎర్రగీతను పట్టించుకోకపోయినా ఫరవాలేదు గానీ, రేపు మరొకరు ‘పునఃపరిశీలన’ అని సరిగ్గా టైపు చేసి మీ నివేదికలో వెతికితే ఒక్కటీ దొరకదు. భారతీయ భాషలకు ప్రామాణికమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో షిఫ్ట్‌తో కలిపి హైఫన్ మీట నొక్కితే విసర్గ వస్తుంది. పాత ఫైళ్లలో కోలన్‌లన్నిటినీ ఒక్కసారిగా మార్చేస్తే 10:30 వంటి సమయాలూ పాడవుతాయి, అందుచేత ‘పున:’, ‘అంత:’ అని విడివిడిగా వెతికి మార్చండి.

కామాకు ముందు ఖాళీ వదిలితే అది కింది వరుసకు జారుతుంది; ఖాళీ కామా తరవాతే ఉండాలి. ఫోన్‌లో స్పేస్ రెండుసార్లు నొక్కితే ఫుల్‌స్టాప్ పెట్టే సదుపాయాన్ని కీబోర్డు సెట్టింగ్స్‌లో ఆపేయవచ్చు. వాడేవారిని అడగకుండానే ఇలాంటివి ఆన్ చేసి పంపడం నా దృష్టిలో డిజైన్ కాదు, నిర్లక్ష్యం.

నన్ను నిజంగా కలవరపెట్టేది మీ చివరి వాక్యం. వ్యాకరణం దిద్దే యాడ్‌ఆన్‌లలో చాలావరకు, మీరు చూసే అన్ని వెబ్‌సైట్‌లలోని సమాచారాన్ని చదవడానికీ మార్చడానికీ అనుమతి అడుగుతాయి, మనం చదవకుండానే ‘సరే’ నొక్కేస్తాము. ఆపైన మీరు టైపు చేసే వాక్యం దిద్దుబాటు కోసం ఎవరిదో సర్వర్‌కు వెళ్లి వస్తుంది. నివేదిక అంటే ఉద్యోగుల పేర్లు, జీతాలు, ఇంకా ఆమోదం పొందని నిర్ణయాలు. 2022లో భద్రతా పరిశోధకులు, ప్రముఖ బ్రౌజర్లలో కోరి ఆన్ చేసుకునే అదనపు స్పెల్‌చెక్ సదుపాయాలను పరీక్షించినప్పుడు, ఫారాల్లో నింపిన వివరాలతోపాటు, ‘పాస్‌వర్డ్ చూపించు’ నొక్కిన చోట పాస్‌వర్డ్ కూడా తయారీదారు సర్వర్లకు చేరుతున్నట్టు తేలింది. స్పెల్లింగ్ దిద్దమంటే పాస్‌వర్డ్ పట్టుకుపోయే సాధనాన్ని సదుపాయం అనడానికి నాకు నోరు రావడం లేదు.

పోనీ, ఇంత ఇచ్చుకున్నాక వాక్యమైనా బాగుపడుతుందా అంటే, అదీ సందేహమే. ‘పాత సర్వర్, డిస్కులు మార్చాలి’ అంటే రెండూ మార్చాలని, ‘పాత సర్వర్ డిస్కులు మార్చాలి’ అంటే సర్వర్‌ను ఉంచి దాని డిస్కులు మాత్రమే మార్చాలని. రెండూ తప్పులేని తెలుగు వాక్యాలే కాబట్టి ఏ సాధనమూ ఎర్రగీత గీయదు, కామా ఎగిరిపోయిన సంగతి కొనుగోలు ఆర్డరు వెళ్లేదాకా ఎవరికీ తెలియదు. మీరు ఉద్దేశించినది ఏదో మీకే తెలుసు గనుక, ఇటువంటి చోట ‘సర్వర్‌నూ డిస్కులనూ’ అని విభక్తులతో సహా రాయండి, అప్పుడు కామా పోయినా అర్థం పోదు.

అటువంటి యాడ్‌ఆన్ ఇప్పటికే ఉంటే తొలగించండి. ఆఫీసు నిబంధనల వల్ల ఉంచక తప్పకపోతే, బ్రౌజర్‌లో దాని వివరాలు తెరిచి, ‘అన్ని సైట్లలో’ అన్న అనుమతిని ‘క్లిక్ చేసినప్పుడు మాత్రమే’ అనే దానికి మార్చి, దానికి తోడు రహస్య నివేదికలను బ్రౌజర్‌లో కాక కంప్యూటర్‌లోని వర్డ్ ప్రాసెసర్‌లోనే, ఆన్‌లైన్ దిద్దుబాటును ఆపేసి రాయండి.