క్యాన్సర్ ఇంజెక్షన్‌తో నాయన కాళ్లు మొద్దుబారాయి, ఆసుపత్రి మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా నాయనకు 62 ఏళ్లు. రెండేళ్లు నడుము నొప్పి అంటుంటే ఫ్లోరైడ్ నొప్పులే అనుకున్నాం. చివరికి హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మల్టిపుల్ మైలోమా (ఎముక మజ్జలో వచ్చే క్యాన్సర్) అని తేల్చి, కడుపు మీద చర్మం కింద బోర్టెజోమిబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. నాలుగు నెలలకు పాదాలు మొద్దుబారాయి, రాత్రంతా మంటలు, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. డ్యూటీ డాక్టరుకు రెండుసార్లు చెప్పాం. "మీ ఊరి నీళ్ల వల్లే" అన్నాడు, డోసు మార్చలేదు. ఇట్లా అవుతుందని ముందు ఎవరూ చెప్పలేదు, ఇంగ్లీషు కాగితం మీద సంతకం మాత్రం తీసుకున్నారు. మందు వాళ్ల షాపులోనే కొనాలంటారు. ఫైలు కాపీ అడిగితే ఇవ్వం అన్నారు. కేసు వేయొచ్చా? వేస్తే చికిత్స ఆపేస్తారని భయం. వచ్చే గురువారం మళ్లీ ఇంజెక్షన్ ఉంది.

జవాబు: కాళ్లు మొద్దుబారాయి అన్న ఒక్క కారణంతో వేస్తే నిలబడదు. ఈ మాట ముందే చెప్పకపోతే మీకు వృథా ఖర్చు, నాకు చెడ్డపేరు. కానీ మీ ఉత్తరం మధ్యలో ఒక వాక్యం రాశారు, రెండుసార్లు చెప్పినా డోసు మార్చలేదని. మీ కేసులో బలం ఏమైనా ఉంటే అక్కడే ఉంది.

నేను డాక్టరును కాను, కానీ ఇలాంటి ఫైళ్లు చదివీ చదివీ కొంత తెలిసింది. బోర్టెజోమిబ్ నరాలను దెబ్బతీయడం కొత్త సంగతేమీ కాదు. అది ఎంత మామూలంటే, నరంలోకి ఎక్కించే బదులు చర్మం కింద ఇవ్వడం మొదలుపెట్టడానికి ఒక ముఖ్య కారణం అదే, అలా ఇస్తే ఆ ఇబ్బంది కొంత తగ్గుతుంది. మామూలు డోసు శరీర వైశాల్యం చదరపు మీటరుకు 1.3 మిల్లీగ్రాములు. మొద్దుబారడం, మంట మొదలైతే ఎంత తీవ్రతకు 1.0కు దించాలి, ఎప్పుడు కొన్నాళ్లు ఆపి 0.7తో వారానికొకసారి ఇవ్వాలి, ఎప్పుడు పూర్తిగా మానేయాలి అన్నది మందుతో పాటు వచ్చే సమాచార పత్రంలోనే రాసి ఉంటుంది. అంటే తిమ్మిరి రావడం డాక్టరు తప్పు కాదు. వచ్చిందని పేషెంటు చెప్పినా పరీక్ష చేయకుండా, కాగితం మీద రాయకుండా, అదే డోసు కొనసాగిస్తే దాన్ని నిర్లక్ష్యం అని వాదించవచ్చు.

ఇక ఆ "మీ ఊరి నీళ్లు" అన్న మాట. దాన్ని తేలిగ్గా తీసుకోకండి, రేపు ఆసుపత్రి వకీలు వినియోగదారుల కమిషన్ ముందు పెట్టే మొదటి వాదన అదే. మర్రిగూడ, నాంపల్లి మండలాల వైపు ఫ్లోరోసిస్ సంగతి కొత్తగా ఎవరికీ చెప్పక్కర్లేదు, అది ముదిరితే వెన్నులో నరాలు నొక్కుకుపోతాయన్నదీ నిజమే. కాబట్టి మొదటి ఇంజెక్షన్‌కు ముందు మీ నాయన కాళ్లు ఎట్లా ఉండేవో చెప్పే కాగితం కావాలి. మొదటి రోజు ఓపీ చీటీలో తిమ్మిరి లేదని రాసి ఉంటే సగం కేసు అక్కడే గెలిచినట్టు. తిమ్మిరి ముందే ఉందని రాసి ఉన్నా భయపడొద్దు, అప్పటికే నరాల ఇబ్బంది ఉన్నవారికి ఈ మందు మరింత జాగ్రత్తగా ఇవ్వాలి కదా అని మనం అడగవచ్చు. ఇప్పుడు ఒక న్యూరాలజిస్టుకు చూపించి నరాలు ఎట్లా పనిచేస్తున్నాయో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించండి, నిమ్స్‌లో అయితే మరీ మంచిది, ప్రభుత్వ సంస్థ రిపోర్టుకు విలువ ఉంటుంది. మందు వల్ల దెబ్బతిన్న నరానికీ వెన్నులో నొక్కుకుపోయిన నరానికీ తేడా వాళ్లు చెప్పగలరు.

2010లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిన వి. కిషన్‌రావు కేసు హైదరాబాద్ నుంచి వెళ్లిందే. మలేరియా రోగికి టైఫాయిడ్ మందులు వాడిన కేసు అది, అలాంటి స్పష్టమైన తప్పుకు నిపుణుడి సాక్ష్యం ప్రతిసారీ అక్కర్లేదని కోర్టు చెప్పింది. ఆ తీర్పు చూపించి మిమ్మల్ని ఎవరైనా ధైర్యపెడితే నమ్మకండి. మీ కేసులో ఫ్లోరైడ్ అడ్డం ఉంది, నిపుణుడి మాట కావాల్సిందే.

ఫైలు ఇవ్వం అనడం మాత్రం కుదరదు. 2002 నాటి వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం పేషెంటు గానీ ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కౌంటర్ దగ్గర నోటితో అడిగితే ఎవరూ పట్టించుకోరు. మీ నాయన సంతకంతో తెలుగులోనే దరఖాస్తు రాసి, కాపీ మీద ముద్ర వేయించుకోండి, వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. కేస్ షీటు, డోసు ఎంత ఇచ్చారో నర్సులు రాసే చార్టు, సంతకం పెట్టిన ఒప్పంద పత్రం, మూడూ పేరు పెట్టి అడగండి. డిశ్చార్జి సమ్మరీ ఒక్కటి చేతిలో పెట్టి పంపిస్తే సరిపోదు.

ఆ ఇంగ్లీషు సంతకం గురించి ఎక్కువ దిగులు వద్దు. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, చికిత్స ఏమిటి, దాని లాభనష్టాలేమిటి, వేరే దారులున్నాయా అన్నది పేషెంటుకు అర్థమయ్యేలా చెప్పి తీసుకుంటేనే అది ఒప్పుకోలు. ఎప్పుడో ఒకరికి వచ్చే అరుదైన ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టాలని మాత్రం అనలేదు. నరాల తిమ్మిరి ఈ మందుకు అరుదైనది కాదు, అది మనకు అనుకూలం.

మందుల షాపు సంగతి. ఆసుపత్రి షాపులోనే కొనాలని ఏ చట్టంలోనూ లేదు. దీని మీద 2025 మార్చిలో సుప్రీంకోర్టు కొత్త నిబంధన పెట్టకుండా, విధానం ఆలోచించమని రాష్ట్రాలకు వదిలేసింది, కాబట్టి గట్టిగా పట్టుకోవడానికి పెద్ద ఆధారం కూడా లేదు. అయినా అడగండి. ఇదే మందు కంపెనీని బట్టి ధరలో చాలా తేడా ఉంటుంది. ఇంకొకటి, ఇది 2 మిల్లీగ్రాముల సీసాలోనూ 3.5 మిల్లీగ్రాముల సీసాలోనూ దొరుకుతుంది. మీ నాయనకు పడే డోసు 2 దగ్గరే ఉంటే పెద్ద సీసా బిల్లు వేసి మిగిలింది పారేస్తున్నారేమో డాక్టరునే అడగండి, డోసు తగ్గాక ఈ ప్రశ్న మరీ అవసరం. బిల్లులో బ్యాచ్ నంబరు ఉండాలి, ఎమ్మార్పీ మీద ఒక్క రూపాయి ఎక్కువ తీసుకోకూడదు.

కేసు వేయడానికి హైదరాబాద్ తిరగక్కర్లేదు. 2019 వినియోగదారుల చట్టంలో మీరు ఉండే చోటే వేయవచ్చు, అంటే నల్లగొండ జిల్లా కమిషన్. మీరు ఆసుపత్రికి కట్టింది 5 లక్షల లోపయితే ఫీజు లేదు, 50 లక్షల వరకూ జిల్లాలోనే. వకీలు లేకుండా మీరే వాదించుకోవచ్చు, మా వకీళ్లు ఈ మాట పైకి చెప్పరు. గడువు రెండేళ్లు. ఎప్పటి నుంచి లెక్కించాలన్న దాని మీద గొడవలు వస్తాయి కాబట్టి తిమ్మిరి మొదలైన నెల నుంచే లెక్కేసుకోండి.

సొంత డబ్బుతో చూపిస్తున్నారా, ఆరోగ్యశ్రీ కార్డు మీదా అన్నది మీరు రాయలేదు. 1995 శాంతా కేసు తీర్పు ప్రకారం అందరికీ ఉచితంగా చూసే ఆసుపత్రి మీద ఈ చట్టం పనిచేయదు, కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే చోట మాత్రం ఉచితంగా చూపించుకున్నవాళ్లూ వినియోగదారులే. కాబట్టి కార్డు మీద చూపించుకున్నా ప్రైవేటు ఆసుపత్రి తప్పించుకోలేదు. కార్డు ఉండి కూడా మందుకు డబ్బు తీసుకుంటే అది వేరే ఫిర్యాదు, 104కు చేయండి.

పోలీస్ స్టేషన్‌కు పోదాం, ఆసుపత్రి ముందు కూర్చుందాం అనే బంధువులుంటారు. 2005 జాకబ్ మాథ్యూ తీర్పు తర్వాత డాక్టరు మీద క్రిమినల్ కేసుకు ఘోరమైన నిర్లక్ష్యం చూపించాలి, ఇక్కడ అంత లేదు. అద్దం ఒక్కటి పగిలినా కేసు మీ మీద పడుతుంది.

చికిత్స ఆపేస్తారన్న భయం అర్థమైంది. రికార్డు అడగడం కేసు వేసినట్టు కాదు, ముందు ఆ పని చేయండి. అక్కడ నమ్మకం పోతే రెడ్‌హిల్స్‌లో ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఎంఎన్‌జే ఉంది, నిమ్స్ ఉంది, ఫైలు చేతిలో ఉంటే మారడం తేలిక. కోపంతో మీ అంతట మీరు ఇంజెక్షన్ మాత్రం మానొద్దు, జబ్బు ముదిరితే ఆ తప్పు మీ మీదికే తిప్పుతారు.

గురువారం వెళ్లినప్పుడు డ్యూటీ డాక్టరు కాకుండా పెద్ద డాక్టరునే కలవండి. తిమ్మిరి ఎప్పుడు మొదలైంది, ఎక్కడిదాకా పాకింది, రాత్రి నిద్ర పడుతోందా అన్నది ఒక కాగితం మీద తేదీలతో రాసి ఇచ్చి, దాని ఫొటో తీసుకోండి. సూది వేయకముందే ఇవ్వండి.